తొలి సీసాలు

భోజనశాల పైగది,
జూన్ 9.

వదినా,

క్షేమంగా చేరాను. అన్నయ్య కొనిచ్చిన పెట్టె తాళం దారిలోనే ఊడిపోయింది, పిన్నీసుతో మూసి ఉంచాను. తనకి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు. గది ఇరుకే గాని కిటికీ పెద్దది. కింద కంపెనీ భోజనశాల. నా ఉద్యోగం అక్కడే.

ఉద్యోగం అంటే ఏం చేస్తావని నువ్వు మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ ఏదో గొప్పగా చెప్పాను. నిజానికి అప్పటికి నాకూ తెలియదు. ఇప్పుడు చెబుతాను, నవ్వకూడదు. మీ షెడ్డులో నింపే ఇటలీ పద్ధతి వైన్లు ఇక్కడికి వస్తాయి. రోజూ ముప్ఫైమందిని పిలిచి భోజనం పెట్టి, దాంతోపాటు ఏదో ఒక వైన్ పోస్తారు. వచ్చేవాళ్ళు ఈ విద్యలో ఆరితేరినవాళ్ళేం కాదు. నర్సులు, బ్యాంకు గుమాస్తాలు, బట్టల కొట్టువాళ్ళు, పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళు. తిని, తాగి, ఎలా ఉందో ఒక కార్డు మీద రాయాలి. పేరు అక్కర్లేదు, వైన్ నంబరు వేస్తే చాలు. ఆ కార్డులన్నీ నేను శుభ్రంగా తిరగరాసి మా శాఖ పెద్దాయనకి ఇవ్వాలి. ఆయన దేన్నైనా వాసన చూశాకే మాట్లాడతాడు, కాగితాన్ని కూడా. అందుకే చాటున అందరూ ముక్కుగారు అంటారు.

చిక్కల్లా తాగేవాళ్ళతోనే. ఒకాయన మూడు గ్లాసులు తాగి 'బాగుంది' అని రాశాడు. "ఇంకొంచెం వివరంగా రాయండి" అన్నాను. కాసేపు ఆలోచించి 'చల్లగా ఉంది' అని చేర్చాడు. పక్కనున్న భార్య "ఎర్రగా ఉందని కూడా రాయండి, పాపం, ఆ అమ్మాయికి ఏమీ దొరకడం లేదు" అంది. ఇలాంటి కార్డులు ఇరవై ఎనిమిది తీసుకెళ్ళి ఇస్తే ముక్కుగారు వాసన చూసి వెనక్కి తోశారు. "వీటిలో మనుషులేరీ?" అన్నారు.

ఆరు నెలలు చూసి ఉంచుకోవాలో పంపాలో తేలుస్తారట. బడిలో ఏ ప్రశ్నకైనా పుస్తకంలో జవాబు ఉండేది. దీనికి ఏ పుస్తకమూ లేదు. మీరు అక్కడ పని దిగాక తాగుతారు గదా, నిజంగా ఎలా ఉంటుంది? నీకు తోచినట్టు రాయి.

నీ మరదలు.


సీసాల షెడ్డు, వెనక వరస ఇల్లు,
జూన్ 20.

పంతులమ్మకి,

వదిన రాసేది. నీ ఉత్తరం మీ అన్నయ్యకి నేనే చదివి వినిపించా. తాళం సంగతి దాటేద్దామనుకున్నా గాని నోరు ఆగలేదు. ఇప్పుడు ఆ కొట్టువాడితో పోట్లాడ్డానికి వెళ్ళాడు.

నువ్వు నేర్పిన అక్షరాలు నిలబడ్డాయి. షెడ్డులో ఇరవై మంది ఆడవాళ్ళం. పంతొమ్మిది మంది హాజరు పుస్తకంలో వేలిముద్ర వేస్తారు. నేను సంతకం పెడతా. గుమాస్తా ఇప్పటికీ కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తాడు.

నువ్వడిగిందానికి వస్తా. పొద్దున మిషను మొదలెట్టగానే మొదటి పది పన్నెండు సీసాల్లో కొలత తేడాగా పడుతుంది. ఒకదాంట్లో మెడ దాకా, ఇంకోదాంట్లో భుజం దాకా. అవి అమ్మకానికి పనికిరావు. వాటిని మేస్త్రి పక్కన పెట్టిస్తాడు. తొలి సీసాలంటాం. నాలుగింటికి పని దిగాక అందరం తెచ్చుకున్నది విప్పుకుని వాటితో తింటాం. తొలి సీసా నింపిన చేతిది, మిగతావి కంపెనీవి అంటాడు మేస్త్రి. ఆయన చేరక ముందు నించీ అంతేనట.

నాలుగో నంబరు తెల్లది ఒట్టిగా తాగితే పళ్ళు జివ్వుమన్నాయి. వేయించిన చేప కొరికి తాగితే మాత్రం నోరు కడిగి తుడిచి, ఇంకో ముక్కకి చోటు చేసి పెట్టింది. అలాంటి పనిమనిషి దొరికితే ఎవరైనా ఉంచుకుంటారు. ఏడో నంబరు ఎర్రది ఉంది చూడు, మొదటి గుక్క మీ అమ్మే. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నన్ను చూసి మొహం ముడుచుకుంది గుర్తుందా? ఆ వగరు. కానీ మాంసం ముక్క నోట్లో పెట్టుకుని మళ్ళీ తాగు. అదే మనిషి పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకొంచెం తినవే అంటుంది. పోయేదాకా అలాగే అంది కదా మహాతల్లి.

ఇంకో మాట. రెండో వరసకి పెద్దని పెడతారట, మేస్త్రి నా పేరే రాశాడు. ఆరేళ్ళుగా తాత్కాలికం, తాత్కాలికం అని చెవులు చిల్లులు పడ్డాయి. పర్మనెంటు కాగితం వస్తే ఈ ఇల్లు మన పేర రాస్తారు. మీ అన్నయ్య నడుంతో ఇంకెన్నాళ్ళు పెట్టెలు మోస్తాడు? డిసెంబరులోపు తేలుతుంది. నీదీ డిసెంబరే. ఇద్దరం ఒకేసారి పాసవుదాం.

వదిన.


భోజనశాల పైగది,
జూలై 6.

వదినా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో చెప్పలేను. పనిమనిషి మాట దగ్గర ఆగాను, అమ్మ దగ్గర నవ్వు మధ్యలో ఏడుపు వచ్చింది. నీలాగా ఇక్కడ ఒక్కరూ మాట్లాడరు.

పని కాస్త గాడిలో పడింది. ఈ మధ్య నేను ఇస్తున్న కార్డులు ముక్కుగారికి నచ్చుతున్నాయి. నిన్న అందరి ముందూ ఒక కార్డు పైకి చదివి "ఇదీ మనిషి మాట" అన్నారు. అతిథుల చేత ఎలా మాట్లాడించాలో నాకు తెలుసట. ఈ శాఖలో డిగ్రీ ఉన్నవాళ్ళు నలుగురున్నారు, వాళ్ళ ముందు ఆ మాట అన్నారు. మన ఇంట్లో నా కంటే ముందు ఎవరూ పలక పట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కొత్తవి ఏమైనా నింపితే రాయి. నంబరు మరిచిపోకు. దేంతో తిన్నారో కూడా రాయి. నీ చుట్టూ ఉన్నవాళ్ళు ఏమన్నా అంటే అవీ రాయి. ఊరికే, చదువుకోవడానికి.

అన్నయ్య నడుంకి వేడినీళ్ళ కాపడం పెట్టు.

నీ మరదలు.


సీసాల షెడ్డు, వెనక వరస ఇల్లు,
ఆగస్టు 14.

అతిథిగారికి,

అలా ఎందుకన్నానో చదివితే తెలుస్తుంది.

మొన్న ఖాళీ పెట్టెలతో పాటు కట్టలకొద్దీ కరపత్రాలొచ్చాయి. ప్రతి పెట్టెలో ఒకటి పడెయ్యాలి. అందరూ పడేస్తున్నారు, నేనూ పడేస్తున్నా. చదవడం వచ్చాక ఇదో జబ్బు, కంట్లో పడింది చదవకుండా ఉండలేను. 'ఏడో నంబరు: తొలి గుక్కలో మొహం ముడుచుకున్న అత్తగారు, భోజనం దగ్గర పక్కన కూర్చోబెట్టుకుంటుంది. ఒక భోజన అతిథి.' రంగుల్లో. గ్లాసు బొమ్మ కూడా వేశారు.

మొదట నవ్వొచ్చింది. పక్కామెకి చదివి వినిపిస్తే "ఈ మాట నువ్వు ఆ రోజు మాంసం తింటూ అన్లా?" అంది. అప్పుడు నవ్వు ఆగింది. అతిథి అంటే ఎవరు? నేను ఆ భోజనశాల గుమ్మమైనా చూడలేదు. ఇంకా మీ అమ్మ. ఆవిడ కోడలికి మాత్రమే ఆవిడ మొహం మీద మాట అనే హక్కుంది. ఇప్పుడు పెట్టెకొకటి చొప్పున ఊళ్ళన్నీ తిరుగుతోంది పాపం.

కోపం లేదు. మీ అన్నయ్య మాత్రం "నా చెల్లెలు దొంగా?" అని తిండి మానేశాడు. నేనే సర్ది చెప్పా. అడిగి ఉంటే ఇంకా మంచివి ఇచ్చేదాన్ని అన్నాను. అడగలేదని మాత్రం నువ్వే గుర్తుపెట్టుకో.

బుడగలది, తొమ్మిదో నంబరు: మొదట గలగలా మాట్లాడి, పలకరించేలోపు లేచి వెళ్ళిపోయే చుట్టంలా ఉంది. ఉప్పగా ఏదైనా ఉంటే కాసేపు కూర్చుంటుంది. ఇదిగో, ఇది నేనిచ్చింది. తీసుకో.

వదిన.


భోజనశాల పైగది,
ఆగస్టు 27.

వదినా,

తప్పు నాదే. రెండు రోజులు కలం పట్టుకోలేకపోయాను.

జరిగింది ఇది. ఆ రోజు కార్డులు ఎనిమిదే వచ్చాయి, ముప్ఫై కావాలి. నీ ఉత్తరం బల్ల మీద ఉంది. ఒక్కటి రాద్దామనుకున్నాను. మర్నాడు ఇంకొకటి. మధ్యలో నువ్వు పంపిన చీటీల్లోవీ కలిపి ఇప్పటికి పదిహేడు. కరపత్రంలో వేస్తారని నాకు తెలియదు, వేశాక చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ అతిథి ఎవరు, మళ్ళీ పిలుద్దామని ముక్కుగారు అడిగారు. ఊరు మారిపోయిందన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

డిసెంబరులో నా ఉద్యోగం ఖాయం కాగానే ఆయన గదిలోకి వెళ్ళి, ఆ మాటలు మా వదినవి అని చెబుతాను. ఇప్పుడు చెబితే పంపేస్తారు. అన్నయ్యకి ఈ భాగం చదివి వినిపించు. ఒక్క మూడు నెలలు ఓపిక పట్టమను.

అమ్మ సంగతి అన్నావు. రాసేటప్పుడు నాకు అది తట్టనే లేదు. మంచి వాక్యంగానే కనిపించింది.

నీ మరదలు.


సీసాల షెడ్డు, వెనక వరస ఇల్లు,
సెప్టెంబరు 19.

మరదలా,

మీ అన్నయ్య అన్నం తింటున్నాడు. మూడు నెలలు నేను ఓపిక పట్టగలను గాని తను పట్టలేనన్నాడు, అయినా పడుతున్నాడు. అయిపోయింది, ఇంక ఆ మాట ఎత్తను.

మొన్న పదకొండో నంబరు నింపాం. నల్లటి ఎరుపు, చాలా పెద్ద సరుకట. ఇంకా షెడ్డు దాటలేదు. తొలి సీసా విప్పగానే నాకు వాసన తేడా కొట్టింది. వానలో తడిసి మూల పడేసిన గోనెసంచి. మాంసంతో తాగా, రొట్టెతో తాగా, పచ్చి ఉల్లిపాయతో కూడా తాగా. దేంతో తాగినా గోనెసంచి పక్కనే కూర్చుంది. ఇంకో సీసా విప్పితే అదే. మిగతావాళ్ళు "నీకు నాలుక ఎక్కువైంది, కరపత్రం అతిథివి కదా" అని ఆటపట్టించారు.

మేస్త్రి మాత్రం తాగి ఊసేశాడు. గొట్టం లోపల బూజు పట్టి ఉంటుందన్నాడు. పై ఆఫీసుకి ఫోన్ చేస్తే, సరుకు పంపే తేదీ ఇచ్చేశాం, నీ పని నువ్వు చూసుకో అన్నారట. "ఇంకో మాట ఎత్తితే నీ పర్మనెంటు నేనే చెడగొట్టినవాణ్ణవుతా" అని ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నా. కడుపులో ఉంచుకోలేక నీకు రాస్తున్నా. ఇది మన ఇద్దరి మధ్యే. నీ కార్డుల మీదకి ఎక్కించకు. ఇంకో రెండు నెలలు నా నాలుకకి తాళం వేసుకోవాలి, నీదీ వేసుకో.

వదిన.


భోజనశాల పైగది,
అక్టోబరు 16.

వదినా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. పని ఎక్కువగా ఉంది.

ఒక విషయం అడుగుతాను, ఊరికే. మనం ఉత్తరాలు రాసుకుంటామని అన్నయ్యకి కాక ఇంకెవరికైనా తెలుసా? మేస్త్రికి తెలుసా? నా ఉత్తరాలు దాచి ఉంటే పైన ఎక్కడా ఉంచకు.

ఇక్కడ చిన్న విచారణ లాంటిది జరుగుతోంది. దానికీ నీకూ సంబంధం లేదు. నీ పేరు ఎక్కడా రాలేదు. రాదు కూడా. ఎవరైనా వచ్చి ఏమైనా అడిగితే కంగారు పడకుండా, తెలియదని చెప్పు.

చలి మొదలైంది. కిటికీకి అట్ట అంటించాను.

నీ మరదలు.


మేస్త్రి ఇంటి వసారా,
నవంబరు 5.

మరదలికి,

నీ ఉత్తరం వచ్చేసరికి వాళ్ళు వచ్చి వెళ్ళి మూడు రోజులైంది. తెలియదని చెప్పమన్నావు. చెప్పడానికి ఎవరూ ఏమీ అడగలేదు.

ఇద్దరొచ్చారు, టైలు కట్టుకుని. ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టారు. హాజరు పుస్తకం తెరిచారు. తరవాత నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, కుర్చీ వేసి, తెల్లకాగితం ఇచ్చి నాలుగు ముక్కలు రాయమన్నారు. పర్మనెంటుకి పరీక్ష అనుకున్నా. గీత దాటకుండా, వంకర పోకుండా, పెదవి కొరుక్కుంటూ రాశా. బాగా రాశానా అని కూడా అడిగా. ఒకాయన చాలా బాగా రాశావమ్మా అని, దాని పక్కన ఇంకో కాగితం పెట్టాడు. నా ఉత్తరం. పైనా కిందా కత్తిరించేశారు. 'మరదలా' లేదు, 'వదిన' లేదు. మధ్యలో గోనెసంచి ఉంది.

పేరు కత్తిరిస్తే నేను కనపడననుకున్నావా? ఇరవై మందిలో పంతొమ్మిది మందికి వేలిముద్ర. మిగిలిన చెయ్యి ఎవరిదో నీకు తెలియదా? ఆ చెయ్యి పట్టుకుని దిద్దించింది ఎవరు?

తొలి సీసాల సంగతి రూల్సులో లేదట. రూల్సులో లేకుండా తాగితే దొంగతనమట. మేస్త్రి, ఇది నలభై ఏళ్ళ వాడుక అన్నాడు. ఎక్కడ రాసుంది అన్నారు. ఆయనా, నేనూ అదే రోజు గేటు బయట. అయిదో రోజుకి ఇల్లు ఖాళీ చేయించారు. మీ అన్నయ్య మంచం తలకెత్తుకుని మేస్త్రి సొంత ఇంటి దాకా నడిచాడు. తొలి సీసాలు ఇప్పుడు మోరీలో పోయిస్తున్నారట. ఆడవాళ్ళు నాతో మాట్లాడరు. "నీ రాత మా నోటి దగ్గరది లాక్కుంది" అంది, ఆ రోజు నా చేత కరపత్రం చదివించుకున్న పక్కామే.

అసలు సంగతి విన్నావా. పదకొండో నంబరు పరీక్ష చేస్తే గోనెసంచేనట. పదకొండు వందల సీసాలు పారబోశారు. నా ముక్కు తప్పు చెప్పలేదన్నమాట.

ఏడవడానికి రాయట్లేదు. మేస్త్రికి కార్మిక సంఘంలో ఒకాయన తెలుసు. అప్పీలు వేశాం. డిసెంబరు చివరి శుక్రవారం వింటారు. గెలిస్తే పనీ, ఇల్లూ తిరిగొస్తాయి. దానికి లోపలి మనిషి కాగితం ఒకటి కావాలి. నువ్వు రాసివ్వాలి. కార్డుల మీద మాటలు నావని. ఆ ఉత్తరం కంపెనీకి కాదు, నా మరదలికి రాసుకున్నానని, దాచమని కూడా రాశానని. తొలి సీసాలు మేస్త్రి పంచిపెట్టేవే గాని నేను ఎత్తుకొచ్చినవి కావని. ఇవన్నీ నీకు తెలిసిన నిజాలే. ఒక్కటి కూడా కల్పించక్కర్లేదు.

వదిన.


భోజనశాల పైగది,
డిసెంబరు 12.

పూజ్యురాలైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. జవాబు ఎన్నిసార్లు మొదలుపెట్టానో లెక్క లేదు. ఇప్పుడు మొత్తం రాస్తాను.

పదకొండో నంబరు సంగతి చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఆ సీసాలు ఎవరి భోజనాల బల్లల మీదికో వెళతాయి గదా అనిపించింది. ఎవరి పేరూ లేకుండా ఒక కార్డు రాస్తే పెద్దవాళ్ళే చూసుకుంటారనుకున్నాను. మీరు వద్దన్నారని తెలిసీ రాశాను. 'తడి గోనెసంచి వాసన. మాంసంతో తిన్నా పోలేదు.' నంబరు వేసి మిగతా కార్డుల మధ్య పెట్టాను. ఆ వైన్ ఇంకా భోజనశాలకి రాలేదన్న సంగతి మరిచిపోయాను. మీరు ఉత్తరంలోనే రాశారు, షెడ్డు దాటలేదని.

ముక్కుగారు కార్డు పట్టుకుని వచ్చారు.

"ఈ అతిథి ఎక్కడ తాగాడమ్మా?" అన్నారు.

నేను కార్డు మీది నంబరు మళ్ళీ చూశాను.

"రెండే దారులు. ఈ కార్డు నువ్వే పుట్టించావు. అలాగైతే మిగతావి కూడా పుట్టించినవే, నీ పెట్టె సర్దుకో. కాదంటే షెడ్డులో ఎవరో తాగి నీకు చెప్పారు. అలాగైతే నువ్వు కంపెనీకి మేలు చేసినదానివి. ఏది?"

రెండోది అన్నాను. రుజువు అడిగారు. ఆయన గదిలోనే, ఆయన కత్తెరతోనే పైనా కిందా కత్తిరించి ఇచ్చాను. పేరు లేకపోతే చాలనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. కత్తెర కింది గీతకి వచ్చినప్పుడు, హాజరు పుస్తకంలో మీ సంతకం గురించి మీరు రాసింది గుర్తొచ్చింది. చెయ్యి ఆగింది. ఆయన నావైపు చూస్తున్నారు. కత్తిరించాను.

ఒకటో తేదీన నా ఉద్యోగం ఖాయం చేశారు.

మీరు అడిగిన కాగితం రాశాను. దీంతో నకలు పెడుతున్నాను. అసలుది నా దగ్గరే ఉంది. అందులో ఇలా ఉంది: 'జూన్ నుంచి సెప్టెంబరు వరకు నేను ఇచ్చిన కార్డుల్లో ఇరవై రెండింటి మీది మాటలు మా వదినగారివి. అతిథులవి కావు. ఆమె అనుమతి లేకుండా వాడుకున్నాను. తొలి సీసాలు షెడ్డు మేస్త్రి అందరికీ పంచేవి. పదకొండో నంబరు గురించి ఆమె నాకు సొంత ఉత్తరంలో రాశారు, ఎవరికీ చెప్పవద్దన్నారు. నన్ను నేను కాపాడుకోవడానికి ఆ ఉత్తరం కత్తిరించి ఇచ్చాను.'

మీరు సరే అంటే ఇస్తాను. కానీ ఇచ్చే ముందు ఒక్క విషయం మీ ముందు పెట్టడం నా ధర్మం. ఇది ఇస్తే నా ఉద్యోగం ఆ రోజే పోతుంది. ఇంకెక్కడా దొరకదు కూడా. అప్పీలు గెలుస్తామన్న నమ్మకమూ లేదు. అప్పుడు ఇంట్లో ఇద్దరం ఖాళీగా ఉంటాం. ఒక్కరైనా నిలబడి ఉంటే అన్నయ్యని చూసుకోవచ్చు, ఇంకో ఇల్లు చూసుకోవచ్చు, మిమ్మల్ని ఇక్కడికి తీసుకురావచ్చు. నా చదువు నా ఒక్కదానిది కాదని మీరే అనేవారు. అంతా ఆలోచించి, ఏది మంచిదో పెద్దదానిగా మీరే చెప్పండి. మీ మాట దాటను.

ఇట్లు,
మీ మరదలు.


మేస్త్రి ఇంటి వసారా,
డిసెంబరు 21, శనివారం.

మరదలా,

నీ ఉత్తరం రెండుసార్లు నేను చదువుకున్నా. మూడోసారి మీ అన్నయ్యకి వినిపించా. తను కత్తెర దగ్గర లేచి బయటికి వెళ్ళిపోయాడు.

నన్ను మీరు అంటున్నావు. పూజ్యురాలినట. పెళ్ళయిన రోజు నించీ ఒసే వదినా అని నా జడ లాగినదానివి. ఇంత మర్యాద నాకు బరువుగా ఉంది, తీసుకెళ్ళు.

కాగితం బాగా రాశావు. ఒక్క తప్పు లేదు. కానీ ఇవ్వదలుచుకున్న మనిషి దాన్ని తీసుకెళ్ళి ఇస్తుంది. నాలుగు పేజీల ఉత్తరంతో నాకు పంపి సరేనా అని అడగదు. నేనేం అంటానో నీకు బాగా తెలుసు. 'పోనీలే తల్లీ, మా బతుకు ఎలాగూ ఇంతే, నీదైనా బాగుండనీ' అంటాను. ఆ ముక్క నా చేత రాయించుకుని దాచుకుంటావు. రేపు ఎప్పుడైనా మనసు గుచ్చుకుంటే తీసి చదువుకుంటావు, మా వదినే వద్దంది అని. ఇప్పటికే నా మాటలు ఇరవై రెండు తీసుకున్నావు. ఇది ఇరవై మూడోది.

మొన్నటి దాకా అయితే ఇచ్చేదాన్నేమో. మేస్త్రి భార్య కూడా, చిన్నపిల్ల, పోనివ్వు అంది. మీ అన్నయ్య రాత్రంతా కూర్చుని, పొద్దున్నే "అది మన ఇంట్లో మొదటి చదువు, చంపుకోకే" అన్నాడు. అని నా మొహం చూడలేకపోయాడు. నేనూ గింజుకున్నా. వద్దు అని రాసి చించేశా కూడా. మాట నాది, ముక్కు నాది, చెయ్యి నాది, పోయిన పని నాది. కనీసం జవాబైనా నేను అనుకున్నదే రాయాలి కదా.

అడిగావు కాబట్టి చెబుతున్నా. సరే. ఇచ్చెయ్.

ఒక్క అక్షరం మార్చొద్దు. నీ సంతకం కింద తేదీ వెయ్యి, సంఘం ఆయన తేదీ ముఖ్యమన్నాడు. ఈ ఉత్తరం నీకు మంగళవారం చేరుతుంది. విచారణ శుక్రవారం. మధ్యలో బుధవారం ఉంది, గురువారం ఉంది.

వదిన.